రామదాసు ఇచ్చిన తప్పు నంబరు

ఒక ఎండాకాలం బళ్ళారి వైపు నుంచి ఒక మేఘం గూడ్సుబండి వెనకాలే వచ్చిందట. బండికి ఎర్ర సిగ్నలు పడితే బండితో పాటు అదీ ఆగిందట. డ్యూటీలో ఉన్న స్టేషన్ మాస్టరు రామదాసు అలవాటు కొద్దీ పచ్చజెండా ఊపేసరికి, నెత్తిన నిలబడ్డ మేఘం కాస్తా కదిలిపోయి గుత్తిలో కురిసిందట. "ఆ వానకు గుత్తిలో చెరువు నిండె. నాకు చార్జిషీటు వచ్చె" అని ముగించేవాడు రామదాసు. గుంతకల్లులో ఈ కథ వినని రైల్వే మనిషి లేడు. నమ్మినవాడూ లేడు. మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నవాడు మాత్రం ఒక్కడున్నాడు, వీరేష్.

వీరేష్ రామదాసు కిందే గేట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. అతని మీద కూడా రామదాసు కథ ఒకటి ఉంది. ఒక కరువు సంవత్సరం ఉరవకొండ దిక్కు చేలల్లో శనక్కాయలు చెట్టు మీదే ఎండి, గాలి వీచినప్పుడల్లా గలగలమంటుంటే, రైలు వస్తోందనుకుని వీరేష్ గేటు వేసి పొద్దంతా ఎద్దులబండ్లను ఆపేస్తే, రామదాసే వచ్చి అది శనక్కాయల చప్పుడని తేల్చి గేటు తీయించాడట. శనక్కాయ మట్టిలో కాస్తుందన్న సంగతి ఊరంతటికీ తెలుసు. అయినా వీరేష్ దాన్ని కాదని గట్టిగా చెప్పలేడు. జరిగిందేమోనని అతనికే ఒక మూల అనుమానం.

రామదాసుకు ఈ విద్య గుంతకల్లు కాన్వెంటు బడిలోనే అబ్బింది. హోంవర్కు ఏదని సిస్టరమ్మ అడిగితే, ఇంటి పక్కన ఇంజను వదిలిన ఆవిరికి అక్షరాలు తడిసి కాగితం నుంచి జారిపోయాయని ఇంగ్లీషులో చెప్పాడు. సిస్టరమ్మ బెత్తం ఎత్తింది. వాక్యంలో ఎక్కడా తప్పు లేదని గమనించి దించేసింది. అబద్ధానికి ప్రాణం వ్యాకరణంలో ఉంటుందని అతను ఆనాడే గ్రహించాడు.

అంతటి మనిషి ఒక్క చోట మాత్రం అబద్ధం ఆడేవాడు కాదు. రైల్వేలో ఒక పద్ధతి ఉంది. రైలు బయలుదేరుతోందని స్టేషన్ మాస్టరు గేటుకు ఫోన్ చేస్తాడు. గేట్‌మ్యాన్ గేటు వేసి, తాళం పెట్టి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక నంబరు చెబుతాడు. స్టేషన్ మాస్టరు అదే నంబరు తిరిగి పలికి రాసుకుంటాడు. ఆ తర్వాతే సిగ్నలు. ప్రైవేట్ నంబరు అంటారు దాన్ని. లైను ఖాళీగా ఉందని పక్క స్టేషనుకు స్టేషన్ మాస్టరూ ఇలాగే నంబరు ఇస్తాడు. చూడబోతే ఉత్త అంకె. ఇచ్చినవాడికి మాత్రం అది 'వేశాను, అబద్ధమైతే నన్ను పట్టుకోండి' అని నోటితో చేసిన సంతకం. గేటు వేయకుండా నంబరు ఇచ్చినవాడు ఉద్యోగం పోగొట్టుకుంటాడు. కొన్నిసార్లు జైలుకూ పోతాడు.

నోటితో మేఘాలను నడిపించిన రామదాసు, సర్వీసంతా ఒక్క తప్పు నంబరు ఇవ్వలేదు. అతని భార్య నాగలక్ష్మమ్మ రైల్వే క్వార్టర్సులో కాపురం చేసీ చేసీ ఈ కిటుకు పట్టేసింది. "సినిమాకు పోలేదంటివే, నంబరు ఇయ్యి" అనేది. నంబరు ఇచ్చాడంటే నిజం, ఇవ్వలేదంటే సినిమా. వాళ్ళ సంసారం ఆ ఒక్క పట్టా మీదే ఇన్నేళ్ళు నడిచింది.

రిటైరయ్యాక అతనికి స్టేషన్ లేదు, సిగ్నలు లేదు. పొద్దున్నే కొంత దూరం నడిచి, వచ్చేటప్పుడు బొరుగుల ఉగ్గాని అమ్మే అంగడి ముందున్న బండ మీద కూర్చుని, ఇంగ్లీషు పేపరు చదివి వీరేష్‌కు తెలుగులో చెప్పడం మిగిలింది. అందులో ఆరోగ్యం పేజీ అంటే ఇద్దరికీ ప్రాణం.

"సారూ, కాఫీ సంగతి ఈ పొద్దు ఏమన్నా రాసినారా?"

"తాగితే గుండెకు మంచిదంట."

"పోయిన వారం చెడ్డదంటిరే."

"పోయిన వారం తాగినోళ్ళకు చెడ్డది. ఈ వారం తాగేటోళ్ళకు మంచిది. పేపరు చూసుకొని తాగల్లప్పా."

వీరేష్ చేతిలోని గ్లాసు వైపు అనుమానంగా చూసి, తాగేశాడు. "మరి కోడిగుడ్డు?"

"గుడ్డు కేసు ఇంకా కోర్టులోనే ఉండాది." రామదాసు పేజీ తిప్పాడు. "ఇదో, షుగరును మొదలంటా పీకేసే మందు కనుక్కున్నారంట."

వీరేష్ బండ మీద దగ్గరికి జరిగాడు. "ఎవరికి పోయిందంట సారూ?"

"ఎలుకలకు."

"మళ్ళా ఎలుకలకేనా. క్యాన్సరు పాయె, మతిమరుపు పాయె, పోయిన నెల బట్టతల కూడా పాయె. మా ఇంట్లో ఎలుకలు మందు పెట్టినా చావకుండా యాలా తిరుగుతాండాయో ఇప్పుడు తెలిసె."

రామదాసు ఎప్పుడూ వార్తను కింద నుంచి పైకి చదివేవాడు. పైన లావు అక్షరాల్లో 'షుగరుకు చెల్లుచీటీ' అని ఉంటుంది. నడుమ 'ఆశ కలిగించే ఫలితాలు' అని ఉంటుంది. అడుగున, అక్షరాలు అరిగిపోయే చోట, 'మనుషుల్లో ఇంకా పరీక్షించవలసి ఉంది' అని ఉంటుంది. తన మేఘం కథకు కూడా ఇంత సిగ్గుమాలిన తోక తగిలించలేదే అనుకునేవాడు.

సైన్సు మీద అతనికి కోపం లేదు. రైలు నడిపింది సైన్సే. అతని లెక్కలో సైన్సు అనేది ప్రతి స్టేషన్‌లో ఆగుతూ, ఆలస్యంగానైనా చేరే ప్యాసింజరు బండి. దానికి ఎక్స్‌ప్రెస్ బోర్డు తగిలించి టికెట్లు అమ్మేవాళ్ళంటేనే కడుపుమంట. అందుకే ఎవరు ఏ అద్భుతం చెప్పినా ఒకటే అడిగేవాడు: "సరేప్పా, నంబరు ఎవరిచ్చినారు?"

బండ మీద కూర్చుని లోకాన్నంతా నంబరు అడుగుతున్న మనిషి ఇంట్లోకే, దొడ్డిదారిన, అణుచక్రం వచ్చింది.

తెచ్చినవాడు విష్ణువర్ధన్. గుమ్మఘట్ట మనిషి, తెలుగూ కన్నడా ఒకే ఊపిరిలో మాట్లాడగలడు. ముందు బోరు పాయింట్లు చూపించేవాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే ముసలివాళ్ళను చూపించి, "అది మూఢనమ్మకం, ఇది సాటిలైటు" అంటూ ఒక మిషను తెరిచేవాడు. కొబ్బరికాయ చూపించిన చోట తవ్వితే దుమ్ము వచ్చేది. సాటిలైటు చూపించిన చోట తవ్వితే ఇంకా లోతు నుంచి దుమ్ము వచ్చింది. పైగా కొబ్బరికాయైతే పచ్చడికన్నా పనికొచ్చేది. రైతులు తన కోసం వెతకడం మొదలుపెట్టాక అతను కోటు తొడుక్కుని ఆరోగ్యంలోకి దిగాడు.

ఒక సాయంత్రం రామదాసు ఇంటికి వచ్చేసరికి వంటింట్లో నీళ్ళ బిందె కింద ఇత్తడి రంగు పళ్ళెం ఒకటి, జొన్నరొట్టెంత, మెరుస్తూ ఉంది.

"ఏందే ఇది, బిందెకు పీట చేయించినావా?"

"పీట కాదు, అణుచక్రం. ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టినారు. దీని మీద పెడితే నీళ్ళలో అణువులన్నీ లైనుగా నిలబడతాయంట. ఆ నీళ్ళు తాగితే షుగరు ఉండదంట."

"గుంతకల్లు జంక్షన్‌లో టికెట్ల కాడ మనుషులే లైనుగా నిలబడరు. నీళ్ళు నిలబడతాయా?"

"నిలబడతాయి. వాటికి నీ మాదిరి నోరు లేదు గదా."

"మరి నీ షుగరు మాత్రలు?"

"వాటితో పని పడదు మేడమ్ అన్నాడు ఆ అబ్బాయి." అంటూ నాగలక్ష్మమ్మ పెనం మీద ఓళిగను తిరగేసింది. ఆమెకు షుగరు వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో ఓళిగలు చేయడం అదే మొదలు. బెల్లం పూర్ణం వాసనకు రామదాసుకూ నోరూరింది. అదే అతన్ని మరింత భయపెట్టింది.

భయానికి ఇంకో కారణం ఆమె కాలు. కొత్త చెప్పు కరిచి ఎడమకాలి బొటనవేలి కింద పుండు పడింది. ఎన్నాళ్ళకూ మానలేదు. ఆమె చీర కుచ్చిళ్ళు కాస్త కిందికి దించి కట్టుకుని, మడమ మీద బరువు వేసి నడుస్తూ, ఏమీ లేదన్నట్టు తిరిగేది. రైలు చక్రాల చప్పుడులో తేడా పట్టేసే రామదాసుకు భార్య అడుగుల్లో తేడా తెలియకపోతుందా.

ఆమె రానంటే తానొక్కడే డాక్టర్ పద్మజ దగ్గరికి పోయాడు. ఆమె బజారు వీధిలో చిన్న క్లినిక్ పెట్టుకున్న డాక్టరు. గోడ మీద నవ్వే కుటుంబం బొమ్మ కూడా లేదు.

"మాత్రలు మానేసిందా? పుండు ఉండగానా?" ఆమె రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "వెంటనే మొదలుపెట్టించండి. కాలు నాకు చూపించాలి. ఇట్లనే వదిలేస్తే వేలు తీసెయ్యాల్సి రావచ్చు. పాదం దాకా కూడా పోవచ్చు."

"మాత్ర వేసుకుంటే మానిపోతుందా డాక్టరమ్మా?"

"అది ఇప్పుడే చెప్పలేను. శుభ్రంగా కట్టు కట్టాలి, షుగరు దిగాలి, చూడాలి."

రామదాసుకు ఆ 'చెప్పలేను' చెవికి ఇంపుగా తగిలింది. ఈ మధ్య ఆరోగ్యం గురించి మాట్లాడిన మనుషుల్లో తనకు తెలియనిది ఒకటుందని చెప్పింది ఈమె ఒక్కతే. కానీ ఈ మాటను ఇంట్లో అమ్మడం ఎలా? చెప్పలేను అన్న మందును ఎవరు కొంటారు?

ముందు నిజమే చెప్పి చూశాడు.

"డాక్టరమ్మ మాత్ర వేసుకోవల్లనింది. లేదంటే వేలు పోతుందంట."

"ఆయమ్మ ఏమనిందో నాకేం తెలుసు. తెచ్చి చెప్పేది నువ్వు గదా. మేఘాన్నీ నువ్వే తెచ్చి చెప్పినావు."

"పోనీ నువ్వే వచ్చి విను."

"నా కాళ్ళు బాగుండాయి. పోయి నీ నోరు చూపించుకో. దానికే మందు లేదు."

నంబరు ఇస్తానని కూడా అన్నాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది. "డాక్టరమ్మ చెప్పినదానికి నువ్వు నంబరు ఇచ్చేదేంది? ఒక గేటుకు ఇంకో గేటోడు ఇస్తాడా? నువ్వు కళ్ళతో చూసినదానికి ఇయ్యి." రూలు ఆమె చెప్పినట్టే ఉంటుంది.

మరునాడు ఆమె నడవలో మడమ మీద నడుస్తూ గోడ పట్టుకోవడం చూశాడు. అప్పుడే, ముల్లును ముల్లుతోనే తీయాలని అతనికి తోచింది. కాన్వెంటు ఇచ్చిన విద్య ఇంక దేనికి?

ఇంగ్లీషు పేపరు తెచ్చుకుని వంటింటి గడప మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకుని ఒక వార్తను మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాడు. నిజానికి అది స్విట్జర్లాండులో జున్ను ధర పెరిగిందన్న వార్త. దాన్ని అతను చావుకబురు చదివినంత గంభీరంగా చదివాడు.

"స్విట్జర్లాండు అని వినపడె. ఏమంట?"

"నీ అణుచక్రం గురించే." రామదాసు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పెద్ద పరిశోధన చేసినారంట. చక్రం నిజమేనంట."

నాగలక్ష్మమ్మ గరిటె ఆగిపోయింది. మొగుడు ఒప్పుకోవడం ఆమెకు అలవాటు లేదు.

"అణువులు నిలబడేది నిజమేనంట. కానీ ఒంట్లోకి పోయినాంక వాటికి పట్టుకోను ఆధారం ఉండల్లంట. ఆ షుగరు మాత్ర ఉంది చూడు, తెల్లది, అదే ఆధారం. మాత్ర లేకపోతే అణువులు పండుకుంటాయంట. మాత్ర వేసుకొని ఈ నీళ్ళు తాగితేనే చక్రం పనిచేసేది. ఒంటిమీద పుండుంటే డాక్టరు చేత కట్టు కట్టించుకోవల్లంట, లేకపోతే శక్తి అందులోంచి కారిపోతాదంట."

అబద్ధం ఒకటి కట్టాక దానికొక కట్టు చేర్చడం పెద్ద పని కాదు.

ఆమె అతని ముఖాన్ని చాలాసేపు చూసింది. తర్వాత రామదాసు భయపడుతున్న మాట అననే అంది.

"ఇది నువ్వు కళ్ళతో చదివినావు గదా. నంబరు ఇయ్యి."

కుక్కర్ కూత పెట్టింది. రామదాసు చూపు కిందికి జారింది. చీర అంచు కింద బొటనవేలు ఎర్రగా, ఉబ్బి ఉంది.

"ముప్పై ఏడు" అన్నాడు.

"ముప్పై ఏడు" అని పద్ధతి ప్రకారం తిరిగి పలికి, ఆమె మాత్రల డబ్బా వెతుక్కోవడానికి లేచింది.

ఆ తర్వాత అంతా సవ్యంగానే నడిచింది. అదే వచ్చిన తంటా. నాగలక్ష్మమ్మ మాత్రలు మానలేదు, కట్టుకు పోవడం మానలేదు, శక్తి వృథా కాకూడదని ఓళిగలు కూడా మానేసింది. షుగరు దిగింది. పుండు చాలావరకు ఆరి, చుట్టూ కొత్త చర్మం వచ్చింది. ఆమె రెండు కాళ్ళ మీద సమంగా నడవసాగింది. పేరు మాత్రం చక్రానికి వచ్చింది. "అంతా ఆ పళ్ళెం మహిమ" అని ఆమె నీళ్ళ ట్యాంకరు కాడా, కూరగాయల బండి కాడా చెప్పింది. ఎవరైనా నమ్మకపోతే, "మా ఆయనే నంబరు ఇచ్చినాడు, ముప్పై ఏడు" అనేది. రైల్వే వాళ్ళకు ఇంకేం కావాలి. వాళ్ళు దేవుణ్ణి అనుమానిస్తారు గానీ నంబరును అనుమానించరు.

విష్ణువర్ధన్ పూలగుత్తి పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"మేడమ్ గారూ, మా ప్రొడక్టుకు మీరే ముఖం. ఆదివారం పెద్ద మీటింగు. రైల్వే ఫ్యామిలీలన్నీ వస్తాండాయి. మీరు స్టేజీ మీద రెండు మాటలు చెప్తే చాలు."

"మాత్ర కూడా వేసుకుంటాండా కదప్పా, అదీ చెప్తా."

"అవన్నీ చిన్న విషయాలు మేడమ్. టైము తక్కువ ఉంటుంది. చక్రం గురించి చెప్పండి, చాలు."

ఇన్నేళ్ళలో నాగలక్ష్మమ్మను స్టేజీ ఎక్కమని అడిగినవాడు లేడు. ఆమె బీరువాలోంచి ధర్మవరం పట్టుచీర తీసి ఎండలో వేసింది.

శనివారం పొద్దున ఉగ్గాని అంగడి ముందు వీరేష్ మిరపకాయ బజ్జీ రెండోది కూడా తీసుకోవడం చూసి రామదాసు పేపరు దించాడు. వీరేష్‌కు గుండెలో స్టెంటు వేశారు. నూనె వస్తువు వాసన కూడా చూడకూడదు.

"ఏమప్పా, చస్తావా?"

"చావను సారూ. చక్రం తెచ్చుకుంటాండా. రేపు మీటింగులో అక్క మాట్లాడినాంక గుండె మాత్రలు ఆపేస్తా. వాటితో ఒకటే కడుపుమంట."

"నీ గుండెకు దానికి ఏం సంబంధం? ఎవరు చెప్పిరి నీకు?"

"మీరే గదా సారూ. ముప్పై ఏడు ఇచ్చినారంట. కాలనీ అంతా చెప్పుకుంటాండారు."

రామదాసు ఉగ్గాని ప్లేటు పక్కకు నెట్టాడు. అతను ఇచ్చిన నంబరు ప్రయాణం మధ్యలో మాత్రను ఏదో స్టేషన్‌లో దించేసి, చక్రాన్ని మాత్రం ఎక్కించుకుని ఊరేగుతోంది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి వీరేష్ చెవిలో చెప్పాడు. "అది అబద్ధం వీరేష్. నేనే అల్లినా. మా ఇంటామె మాత్ర వేసుకోవల్లని."

వీరేష్ బజ్జీ నములుతూ ఇష్టంగా నవ్వాడు. "మేఘం కత మాదిరేనా సారూ? మీరు నోటితో ఏమన్నా చెప్తారు, నేను విని నవ్వుకుంటా. నంబరు మాట వేరే."

ఆ రోజంతా రామదాసు ఇంట్లో ఇటూ అటూ తిరిగాడు. చెబితే నాగలక్ష్మమ్మ రోషానికి మాత్రలు విసిరేస్తుంది. ఆరుతున్న పుండు మళ్ళీ మొదటికి వస్తుంది. చెప్పకపోతే రేపు వీరేష్, ఎల్లుండి ఇంకెవరో. ఒక పట్టా మీద ఎదురెదురుగా రెండు బండ్లను వదిలిన స్టేషన్ మాస్టరు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. వదిలింది కూడా తానే.

ఆదివారం ఫంక్షన్ హాలు నిండింది. గార్డులు, డ్రైవర్లు, పాయింట్స్‌మెన్, రిటైరైన వాళ్ళంతా, వాళ్ళ ఆడవాళ్ళూ. తెర మీద నీలిరంగు నీటి అణువులు చేతులు పట్టుకుని వరుసగా నడిచాయి. నాగలక్ష్మమ్మ వంగపండు రంగు పట్టుచీరలో స్టేజీ మెట్లు ఒక్కొక్కటీ గట్టిగా తొక్కుతూ ఎక్కింది. మైకు ముందు తడబడలేదు. "నా కాలు చూసినోళ్ళు ఈడ ఉండారు. ఇప్పుడు చూడండి" అని కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పాదం చూపించింది. హాలంతా చప్పట్లు. ముందు వరసలో వీరేష్ అందరికంటే గట్టిగా కొట్టాడు.

రామదాసు లేచి నిలబడ్డాడు.

"విష్ణువర్ధన్, ఒక మాట. ఈయన వీరేష్. గుండెకు మాత్రలు వేసుకుంటాడు. నీ చక్రం కొంటే ఆ మాత్రలు ఆపెయ్యచ్చా?"

"తప్పకుండా పాజిటివ్ మార్పు ఉంటుంది అంకుల్."

"అది కాదప్పా నేనడిగేది. మా రైల్వేలో గేటు వేసినాంక గేటాయన నంబరు ఇస్తాడు. వేసినా, పూచీ నాది అని. నువ్వు కూడా ఈ మైకులో చెప్పు. వీరేష్ మాత్రలు ఆపితే పూచీ నాది అని. ఒక నంబరు ఇయ్యి, ఏదన్నా సరే. మేమంతా రాసుకుంటాం."

అలవాటు ఎక్కడికి పోతుంది. నలుగురైదుగురు జేబుల్లో పెన్నుల కోసం తడుముకున్నారు.

విష్ణువర్ధన్ నవ్వు చెదరలేదు. "అంకుల్, ఫలితాలు మనిషి మనిషికీ మారుతుంటాయి. మాత్రలు ఆపమని మేమెక్కడా చెప్పం. అది కస్టమర్ ఇష్టం."

వీరేష్ మెల్లగా లేచి విష్ణువర్ధన్ వైపు తిరిగాడు. గేటు దగ్గర ఎన్నో ఏళ్ళు ఫోను పట్టుకున్న గొంతు అది.

"అంటే సారూ, గేటు వేసినారా, వేయలేదా?"

"అట్లా కాదు పెద్దాయనా..."

"గేటు మనిషి మనిషికీ మారదు గదప్పా. వేసిందన్నా ఉంటాది, తీసిందన్నా ఉంటాది."

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. విష్ణువర్ధన్ తెలివైనవాడు. నవ్వు పెరగకముందే మైకు రామదాసు వైపు తిప్పాడు. "నా నంబరెందుకు అంకుల్? మీరే ఇచ్చినారు కదా, ముప్పై ఏడు. ప్రూఫ్ మీ ఇంట్లోనే, ఇదిగో స్టేజీ మీదే ఉంది."

అందరూ రామదాసు వైపు తిరిగారు. స్టేజీ మీద నాగలక్ష్మమ్మ కూడా. ఆమె ముఖంలో చప్పట్ల వెలుగు ఇంకా ఉంది. దాన్ని ఆర్పేది తానే.

"ఆ నంబరు తప్పు" అన్నాడు. "నేనిచ్చింది తప్పు నంబరు. పేపర్లో చక్రం మాటే లేదు. జున్ను ధర ఉండె. ఈమె మాత్ర మానేసి కాలు పోగొట్టుకుంటాదేమోనని నేను అల్లినా. ఈమె ఆ పొద్దు నుంచి మాత్ర వేసుకుంటానే ఉండాది, డాక్టరమ్మ కట్టు కడతానే ఉండాది. కాలు మానింది వాటికే. ముప్పై ఏడు కొట్టెయ్యండి."

తప్పు నంబరు ఇచ్చిన స్టేషన్ మాస్టరును ఆ హాలులో ఎవరూ చూసి ఉండరు. విష్ణువర్ధన్ అది కూడా వాడుకోబోయాడు. "చూసినారా, పెద్దాయనే అబద్ధాలు చెప్తానని ఒప్పుకుంటాండాడు. ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఏం గ్యారంటీ?"

వీరేష్ తల అడ్డంగా ఊపాడు. "మేఘం కతలో సారు గొప్ప. శనక్కాయల కతలో సారు గొప్ప. సారు చెప్పే అబద్ధంలో సారు ఎప్పుడూ చిన్న కాలేదు. ఈ పొద్దు నలుగుర్లో చిన్నయినాడు. కాబట్టి ఇది నిజమే." కండువా దులుపుకుని బయటికి నడిచాడు. అతని వెనక కుర్చీలు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. సిగ్నలు పడనప్పుడు రైల్వే వాళ్ళు కదలరు, అంతే.

ఇంటికి పోయేటప్పుడు నాగలక్ష్మమ్మ ముందు నడిచింది, రామదాసు వెనక. ఆమె అడుగులు సమంగానే పడుతున్నాయి. అతనికి అదొక్కటే ఓదార్పు. ఇంట్లో ఆమె పట్టుచీర మడత పెట్టి, ఒక్క మాట అంది. "చీర కట్టుకోకముందే చెప్పింటే పోయేది గదా." ఆ పూట మాత్ర వేసుకోలేదు. మరునాడు పొద్దున కూడా మాత్రల డబ్బా కదల్లేదు. రామదాసు దాని వైపు చూస్తూ, చూడనట్టు కూర్చున్నాడు. అబద్ధం చెప్పే అర్హత కూడా పోయింది, ఇంక ఏ ఆయుధమూ లేదు.

కాసేపటికి ఆమె చెప్పులు వేసుకుని ఎక్కడికో బయలుదేరింది. రమ్మనలేదు. తిరిగి వచ్చేసరికి కాలికి కొత్త కట్టు ఉంది. నేరుగా వంటింట్లోకి పోయి బిందె దించి, అణుచక్రం తీసి ఊరగాయ జాడీకి మూతగా పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"డాక్టరమ్మను అడిగినా, పూచీ నీదేనా అని. మాత్ర వేసుకుంటే మేలు జరిగే అవకాశం ఎక్కువ, అంతవరకు నా పూచీ, మిగతాది మూడు నెలలకు రక్తం చూసి చెప్తా అనింది. ఆయమ్మ కొంచెమే చెప్పె. చెప్పినదానికి నిలబడె. నువ్వు, ఆ కోటోడు అంతా చెప్తిరి." మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. "నీ కోసం కాదు. గుర్తుపెట్టుకో. ఇంక ఈ ఇంట్లో నంబరు ఇచ్చేది నేను. నీది రద్దు."

కొన్నాళ్ళకు వీరేష్ ఫోనులో ఒక సందేశం వచ్చింది. గుమ్మఘట్టలోని అతని తోడల్లుడు పంపాడు, కన్నడంలో. అణుచక్రం నీళ్ళు మాత్రతో కలిస్తేనే పనిచేస్తాయని స్విట్జర్లాండు ప్రొఫెసరు తేల్చాడట. పక్కనే తెల్లగడ్డం మనిషి ఫోటో కూడా ఉంది. వీరేష్ చదివి వినిపిస్తే రామదాసు, "ఒరే, ఇది నేను అల్లిందే" అన్నాడు.

"మీరు అన్నీ మీరే చేసినామంటారు సారూ" అన్నాడు వీరేష్. ఆ పొద్దు అతను వట్టి ఉగ్గాని మాత్రమే తింటున్నాడు, బజ్జీ లేకుండా, చిన్నబుచ్చుకుని.

ఇప్పుడు రామదాసు రోజూ పొద్దున వసారాలో పేపరు పట్టుకుని చెవి మాత్రం వంటింటి వైపు పెట్టుకుంటాడు. మాత్ర వేసుకున్నానని లోపలి నుంచి నంబరు రావాలి. వచ్చాక అతను తిరిగి పలకాలి. అప్పటిదాకా ఉగ్గాని అంగడికి పోవడానికి సిగ్నలు లేదు.

"నలభై రెండు" అని కేక వినపడింది ఒకనాడు.

రామదాసు తిరిగి పలకలేదు. "లోటా చప్పుడు కాలేదే. గేటు వేయకముందే నంబరు ఇస్తాండావు."

లోపల మాత్రల డబ్బా మూత తీసిన చప్పుడు, నీళ్ళు వంచిన చప్పుడు, గుటక.

"నీ దగ్గర్నే నేర్చుకుంటిలే" అంది నాగలక్ష్మమ్మ. "ఇంకోటి రాసుకో. పంతొమ్మిది."

"పంతొమ్మిది" అన్నాడు రామదాసు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు.